షోకేస్ తాళం తీయండి

చెక్కబొమ్మల మాటెత్తితే చాలు, మనవాళ్ళ దగ్గర ఒక నిట్టూర్పు తయారుగా ఉంటుంది. "పిల్లలు ఆడుకునే బొమ్మల్ని తీసుకెళ్ళి షోపీసులు చేసేశారండీ" అంటారు. అనేవాళ్ళ మనసు మంచిదే, మాటలోనే సగం పొరపాటుంది. కొండపల్లి బొమ్మ ఆటకి చేసిన సరుకే కాదు. దాన్ని చేసే తెల్లపొణికి కర్ర ఎంత మెత్తనంటే గోరుతో గట్టిగా నొక్కితే గాటు పడుతుంది. చేతులు, కాళ్ళు, తలపాగా, భుజం మీద కావడి అన్నీ విడివిడిగా చెక్కి అతికించినవి. నాలుగేళ్ళ పిల్లాడి చేతికిస్తే సాయంత్రానికి కావడి ఒక గదిలో, మనిషి ఇంకో గదిలో తేలతారు. ఆ బొమ్మ పుట్టిందే చూడ్డానికి. అలంకారంగా ఇంట్లో పెట్టుకుంటే దానికొచ్చిన అవమానం ఏమీ లేదు.

ఏటికొప్పాక సంగతి వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కపిడతలు నిజంగా ఆటవస్తువులే. మా ఇంట్లో ఆడపిల్లలు ఇసక అన్నం, చింతాకు కూర వండి వడ్డించింది వాటిల్లోనే. మెట్ల మీంచి దొర్లినా వాటికి సొట్ట పడదు. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి "మన సంప్రదాయ బొమ్మలు" అనేస్తే ఏ బొమ్మతో ఎలా మెలగాలో తెలియకుండా పోతుంది. చట్టానికి కూడా ఈ తికమక తప్పలేదు. 2020లో కేంద్రం బొమ్మల నాణ్యతా ఉత్తర్వు తెచ్చి, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ మార్కు ఉండాల్సిందే అంది. చేత్తో చేసే బొమ్మని ల్యాబుకి పంపమంటే ఎలా కుదురుతుంది? హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది. అలా ఒక గండం గడిచింది.

ఇక నా ఫిర్యాదు ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. మనం బొమ్మని అలంకారం చేసినందుకు కాదు, అలంకారం ఎలా చెయ్యాలో మర్చిపోయినందుకు. గాజు తలుపుల షోకేస్ కట్టించి, బొమ్మని లోపల పెట్టి, తాళం వేసి, మళ్ళీ ఇల్లు మారేదాకా అటు చూడం. దాన్ని అలంకారం అనరు, నిల్వ అంటారు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో ఏది ముందు నోటికొస్తే అది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చాం, మా చుట్టాల్లో సగం మంది అటు ఉండిపోయారు. అందుకని మా ఇళ్ళల్లో బొమ్మలు కూడా రెండు వైపులవీ ఉంటాయి. విజయవాడ వెళ్ళొచ్చిన వాళ్ళు తెచ్చిన కొండపల్లి ఏనుగు అంబారీ, విశాఖ చుట్టాలిచ్చిన ఏటికొప్పాక లక్క బొమ్మలు, పూరీ నుంచి వచ్చిన జగన్నాథ, బలభద్ర, సుభద్రలు. వీటి పక్కన మా ఊరి సొంత సరుకు, కొమ్ము బొమ్మలు. గేదె కొమ్ముతో చేసిన కొంగల జత పర్లాకిమిడిలో టీవీ మీద లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. టీవీలు పల్చబడి గోడెక్కాక పాపం ఆ కొంగలకి నిలవనీడ లేకుండా పోయింది.

ఇవన్నీ ఒక్క చోట పెట్టుకుని చూసే అవకాశం సరిహద్దు వాళ్ళకే ఉంది కాబట్టి ఒక విషయం చెప్పగలను. పనిముట్టునీ పదార్థాన్నీ బట్టే బొమ్మకి రూపం వస్తుంది. పూరీ జగన్నాథుణ్ణి చూడండి. చేతులు మొండి, మెడ లేదు, నడుము లేదు. వేప దుంగ ఎలా ఉందో దాదాపు అలాగే నిలబెట్టి, ముఖమంతా కళ్ళు చేశారు. చెట్టు ఇచ్చిన రూపాన్ని ఇంత తక్కువగా కదిపిన డిజైన్ నాకు తెలిసి ఇంకోటి లేదు. ఇంటికి తెచ్చుకునే జానెడు బొమ్మలో కూడా ఆ దుంగతనం పోదు.

ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతారు. ఒకప్పుడు తాడు లాగి తిప్పేవాళ్ళు, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. తిరిగే కర్ర మీద ఉలి ఆనిస్తే వచ్చేది గుండ్రమే. రాజైనా, రాణీ అయినా, బుల్లి తిరగలి అయినా ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. రంగు లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పెడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో రుద్దుతారు. ఆ నునుపు చూస్తే తెలిసేది కాదు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మని చెయ్యి అందని ఎత్తులో పెట్టడమంటే పాటల రికార్డుని గోడకి తగిలించుకోవడమే.

కొండపల్లి దగ్గరికొస్తే అంతా అతుకుల విద్య. పొణికి తేలిక కాబట్టి చెయ్యి చాచొచ్చు, కాలు ఎత్తొచ్చు, తాటిచెట్టు మీదికి మనిషిని ఎక్కించొచ్చు. దుంగలోంచి అలాంటి భంగిమ తియ్యాలంటే సగం కర్ర పారేయాలి, పైగా విరిగిపోతుంది. వాళ్ళు భాగాలు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సున్నప్పూత, ఆ మీద రంగులు. అందుకే కొండపల్లి బొమ్మలో కథ ఉంటుంది. ఎవరో ఏదో పని చేస్తూ ఉంటారు. కల్లు గీస్తారు, దంచుతారు, బండి తోలతారు. గుండ్రటి లక్కబొమ్మ ఏ పనీ చెయ్యదు, హాయిగా నిలబడి ఉంటుంది. మా ఊరి కొమ్ము కొంగ మెడ వంపు కూడా గేదె ఇచ్చిందే. కొమ్ముని వేడి చేసి ఇంకాస్త వంచుతారు, అంతే.

ఇది తెలిస్తే ఏ బొమ్మని ఎక్కడ పెట్టాలో ఇంటీరియర్ వాళ్ళని అడగక్కర్లేదు. జగన్నాథుడు ఎదుటి నుంచి చూడాల్సినవాడు, పక్క నుంచి చూస్తే సగం పోతాడు. లక్కబొమ్మ చేతికి అందే చోట ఉండాలి. కిటికీ గట్టు బావుంటుంది గానీ ఎండ నేరుగా తగలకూడదు, ఎక్కువ వేడికి లక్క మెత్తబడుతుంది. కొండపల్లి బొమ్మకి కంటి ఎత్తు కావాలి, వెనక ఖాళీ గోడ కావాలి, వెలుతురు పక్క నుంచి పడాలి. చాచిన చెయ్యి నీడ గోడ మీద పడితే ఆ బొమ్మకి ఇంకో బొమ్మ తోడైనట్టే. షోకేస్‌లో ఏం జరుగుతుంది? పైనుంచి తెల్ల ఎల్ఈడీ లైటు, వెనక అద్దం, ముందు గాజు. నీడ పడే చోటే లేదు. పైగా అరకి ఒకటి చొప్పున తాజ్‌మహల్, షిర్డీ సాయి, గోవా సీసా, పదో తరగతి కప్పు.

మా పిన్ని కొడుకు విశాఖలో ఫ్లాట్ కొన్నాడు. గోడలన్నీ గంధం రంగుకీ బూడిద రంగుకీ మధ్య ఏదో రంగు. ఇంటీరియర్ చేసే అమ్మాయి చురుకైనదే, పని తెలిసినదే. నేను తీసుకెళ్ళిన ఎడ్లబండి చూసి, "అంకుల్, చాలా బావుంది, కానీ కలర్స్ లౌడ్‌గా ఉన్నాయి. ఇవే వైట్‌లోనో బీజ్‌లోనో చేయించుకుంటే వాల్‌కి మ్యాచ్ అవుతాయి" అంది. మావాడు నా ముఖం చూశాడు, అన్నయ్యకి కోపం వస్తుందేమో అని. కోపం రాలేదు. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే, జవాబే ఉల్టా. గోడ అంత నెమ్మదిగా ఉన్నప్పుడు బొమ్మ గట్టిగా మాట్లాడితేనే కదా అందం. ఇద్దరూ గొంతు తగ్గిస్తే ఆ ఇంట్లో మాటే వినపడదు.

ఈ సూత్రం కొత్తదేం కాదు. మా అమ్మమ్మ ఏటా సంక్రాంతికి చేసి చూపించేది. కొలువు కోసం ముందు మెట్లు కట్టేవాళ్ళు, మూడో అయిదో ఏడో, ఎప్పుడూ బేసి సంఖ్యే. పీటలు, పెట్టెలు, పాత పుస్తకాల కట్టలు ఏవి దొరికితే అవి. వాటి మీద మొదట పరిచేది తాతయ్య ఉతికిన తెల్ల పంచె. ఆ తెలుపు మీద ఎరుపూ పసుపూ ఆకుపచ్చా ఎంత గోల చేసినా చెల్లేది. పై మెట్టు దేవుళ్ళకి, దశావతారాలకి. కింద మెట్ల మీద పల్లె. పెద్దవి వెనక, చిన్నవి ముందు. ఏ బొమ్మ ఏ బొమ్మ వైపు చూడాలో కూడా అమ్మమ్మకి పట్టింపే. "పాలమ్మే ఆవిడ ముఖం గోడకి తిప్పేవేటే, కొనేవోళ్ళు ఇటున్నారు కదా" అని మా అక్కని కేకలేసేది. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి. చేరిందంటే పాతవాటి చోట్లు మారాలి. నిరుడు మధ్యలో దర్జాగా కూర్చున్న ఏనుగు ఈ ఏడు మూలకి జరిగేది, దాని చోట్లో కొత్త పెళ్ళి పల్లకీ. పేరంటానికొచ్చిన వాళ్ళు శనగలు అందుకుంటూ ముందు అడిగేది "ఈ ఏడు ఏం మార్చేరు?" అనే. ఆఖరి రోజు హారతి ఇచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు అన్నిటినీ పాత చీర ముక్కల్లో వేపాకు వేసి చుట్టి పెట్టెకెక్కించేవాళ్ళు. మళ్ళీ ఏడాది దాకా కనపడవు.

కనపడకపోవడం కూడా అలంకారంలో భాగమే. రోజూ ఎదురుగా ఉన్న వస్తువుని కన్ను నెల తిరక్కుండా మర్చిపోతుంది. పెద్ద మ్యూజియాలు కూడా ఉన్నవన్నీ ఒకేసారి బయట పెట్టవు. అమ్మమ్మకి ఆ సంగతి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ఇవాళ కొలువు పెట్టే తీరిక అందరికీ లేదు, ఒప్పుకుంటాను. కానీ హాల్లో ఒక్క అర, దాని మీద రెండు మూడు బొమ్మలు, పండక్కో రుతువు మారినప్పుడో మార్చుకోవడం, మిగతావి పెట్టెలో. దీనికి షోకేస్‌కి అయినంత ఖర్చు కూడా అవదు.

రంగులు మార్చకూడదు, రూపం మార్చకూడదు అని గీత గీసి కూర్చునే ఛాందసం నాకు లేదు. మారకపోతే ఏటికొప్పాక ఏమై ఉండేదో. చింతలపాటి వెంకటపతిరాజు గారు రసాయన రంగుల బదులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో లక్కకి రంగెక్కించే పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పని చేశారు. సి.వి. రాజు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. మార్పు పని లోపలి నుంచి వస్తే ఇలా ఉంటుంది. కొన్నవాడి సోఫా రంగుని బట్టి వచ్చే మార్పుతో నాకు పేచీ. ఆ సోఫా అయిదేళ్ళకి పోతుంది, ఆ బీజ్ రంగు ఎడ్లబండిని మళ్ళీ ఎవరడుగుతారు?

బొమ్మ పాతబడితే ఏం చెయ్యాలన్నది ఇంకో ముఖ్యమైన మాట. ఇక్కడ మా ఒడిశా వైపు నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పూరీలో జ్యేష్ఠ పౌర్ణమికి దేవుళ్ళని 108 కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. చెక్క మీద రంగు తడిస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. స్వామికి జ్వరం వచ్చిందంటారు. పదిహేను రోజులు అణసర, దర్శనం ఉండదు. ఆ రోజుల్లో భక్తుల కోసం చిత్రకారులు గుడ్డ మీద వేసిన పటాలు పెడతారు. లోపల రంగులు మళ్ళీ దిద్దుతారు. కొత్త కళతో బయటికొచ్చాకే రథయాత్ర. అది చాలదన్నట్టు అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో నవకళేబరం చేసి కొత్త వేప దారువుతో విగ్రహాల్నే మారుస్తారు, 1996లో చేశారు, 2015లో చేశారు. సాక్షాత్తూ జగన్నాథుడికే ఏటా రంగులేస్తుంటే, కొండపల్లి ఎద్దు కొమ్ము రంగు పోయిందని దాన్ని చెత్తబుట్టలో వెయ్యడానికి మనకి చేతులెలా వస్తాయి?

నిజానికి వీటిని బాగు చెయ్యడం అంత కష్టమేం కాదు. మా ఇంట్లో తాటిచెట్టు ఎక్కే మనిషికి వర్షాకాలంలో చెయ్యి ఊడింది. మహేంద్రగిరి కింద వానలంటే తెలుసుగా, గోడలే చెమటలు పడతాయి. ఊడిన చోట చూస్తే బొమ్మ చరిత్రంతా పొరలు పొరలుగా కనిపించింది. పైన పల్చటి గోధుమ రంగు, దాని కింద సున్నపు తెలుపు, దాని కింద గరుకుగా మక్కు, అన్నిటి కిందా పాలలాంటి పొణికి. మక్కు ఎండి బీటలిచ్చింది, అంతే. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే జిగురు వస్తుంది. వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన పొట్టుని పల్చటి గుడ్డలో జల్లించి అందులో కలిపాం. మా వీధి వడ్రంగి ఒడియా ఆయన, "ఆజ్ఞా, ఫెవికాల్ ఉండగా ఎందుకు ఇదంతా" అని నవ్వాడు. ఆయన పెద్ద బల్లలకి అది సరే. మక్కు అయితే అతికిస్తుంది, గుంట పూడుస్తుంది, ఆరాక ఆకురాయితో నునుపు చేస్తే రంగు పడుతుంది. బొమ్మ కింద తెల్ల పిండి రాలుతుంటే మాత్రం పురుగు పట్టిందని గుర్తు, దాన్ని వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టాలి. తడిగుడ్డతో తుడవకండి. మెత్తటి పొడి బ్రష్ చాలు.

డబ్బు సంగతి మాట్లాడకుండా వదిలితే ఈ కబుర్లన్నీ ఉత్తివే. పొణికి చెట్టు దొరకడం కష్టమవుతోంది, అంకుడుకీ అదే గతి. దొరికినా ఆరబెట్టాలి, చెక్కాలి, అతకాలి, సున్నం వెయ్యాలి, రంగు వెయ్యాలి. ఒక్కో దానికి ఆరే టైము కావాలి. కొనేవాళ్ళు మాత్రం అచ్చులో పోసిన రెసిన్ బొమ్మ ధరతో పోల్చి బేరమాడతారు. అడుగున చూస్తే తేడా తెలిసిపోతుంది. రెసిన్ బొమ్మ బరువుగా ఉంటుంది, అడుగు అచ్చంగా సాఫుగా ఉంటుంది, వంద బొమ్మలకీ ఒకటే ముఖం. పొణికి బొమ్మ చేతిలో పెట్టుకుంటే అందులో ఏమీ లేనంత తేలిక. ముఖం ఏ రెంటికీ కలవదు, ఒకడి మీసం కాస్త వంకరగా కూడా ఉంటుంది. ఆ వంకర మీసానికే నేను డబ్బులిస్తాను.

కాబట్టి పది రెసిన్ బొమ్మలు కొనే డబ్బుతో రెండు చెక్కబొమ్మలు కొనమంటాను. చుట్టాలకి గృహప్రవేశానికి ఇచ్చేటప్పుడు కూడా గాజు పెట్టె లేకుండా ఇవ్వండి. ఆ పెట్టె బొమ్మకి రక్షణ అనుకుంటాం. దాంట్లో తేమ చేరితే బయటికి పోయే దారుండదు, బూజు పట్టేది అక్కడే.

ఒక్క కోరిక మాత్రం అమ్మేవాళ్ళని అడగాలి. ఆంధ్రాలో లేపాక్షి ఉంది, ఒడిశాలో ఉత్కళిక ఉంది, తెలంగాణాలో గోల్కొండ ఉంది. అన్నీ ప్రభుత్వ హస్తకళల దుకాణాలే. వీటిలో నెలకో పూట బొమ్మలు బాగుచేసే బల్ల ఒకటి వేసి, కళాకారుణ్ణి కూర్చోబెట్టి, ఆయన పనికి కూలి కట్టి ఇస్తే ఎంత బావుంటుంది! చెప్పులు కుట్టించుకుంటాం, వాచీ రిపేరు చేయిస్తాం, సోఫాకి గుడ్డ మార్పిస్తాం. ఊడిన అంబారీ అతికించడానికి, బొమ్మ చీరకి వెలిసిన అంచు రంగు దిద్దించుకోవడానికి మా పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా బస్సెక్కి వెళ్ళేవాళ్ళున్నారు, ముందు వరసలో నేనే ఉంటాను. చేసే చేతికి కొత్త బొమ్మ అమ్మిన రోజే కాకుండా మామూలు రోజుల్లో కూడా నాలుగు డబ్బులొస్తాయి. మనింట్లో బొమ్మకి ఎవరు ప్రాణం పోశారో ముఖాముఖి తెలుస్తుంది. ఆ బల్ల పడేదాకా చింతగింజలు మాత్రం పారేయకండి.